సారు ఆగే చోటు

జావ పొంగుకొచ్చే వేళకు జంపక్క గిన్నె దించింది. ఉప్పేసి కలిపి, ముందు గదిలో కుర్చీ దగ్గరికి తెచ్చింది. కుర్చీలో దూలయ్య కూర్చున్నాడు. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది, ఎవరో దాచమని ఇచ్చిపోయిన వస్తువులాగా.

"సారూ, నోరు తెరువు."

ఊరంతా ఆయన్ని సారు అనేది. పెళ్లాం కూడా ఆ పిలుపే అలవాటు చేసుకుంది. రెండు చెంచాలు తాగి ఆయన మూతి తిప్పుకున్నాడు. గొంతులో ఏదో గురగురమంది.

"ఏంది? కాలుతుందా?"

ఆయన కళ్లు మూసుకున్నాడు. రోజూ ఇంతే. ఆమె పైటకొంగుతో మూతి తుడిచి, మిగిలింది కూడా తాగించింది. పక్షవాతం వచ్చిన కొత్తలో ఈ వేళకు ఏడుపొచ్చేది. వానలు పోయి చలి దిగేసరికి అదీ ఎండిపోయింది. ఊడ్చుడు, వండుడు, తాగించుడు. చేతికి తెలిసిన పని చెయ్యి చేసుకుపోతోంది. లోపల ఎవరూ లేనట్టు ఉంది.

ఆ ఇంటికి ఒక కట్టుబాటుంది. గడప దాటితే తమ కోయ భాష, గడప లోపల తెలుగు. బిడ్డ శ్రావణి పుట్టిన ఏడు దూలయ్యే పెట్టాడు. తన చిన్నప్పుడు బడిలో పంతులు తెలుగులో ఏదో అడిగితే, అది ప్రశ్నో తిట్టో తెలియక తలొంచుకొని నిలబడ్డాడట. మొద్దు అని బయటికి వెళ్లగొట్టారట. ఆ గతి తన బిడ్డకు రావద్దన్నాడు. అదే మనిషి, పినపాక నుంచి అడవిలోకి పోతే వచ్చే గూడెం బడిలో పంతులయ్యాక మాత్రం పిల్లలకు ముందు కోయలో చెప్పి, ఆ తరవాతే తెలుగులోకి దించేవాడు.

"ఇదేం న్యాయం సారూ? బడిల కోయ, ఇంట్ల తెలుగా?" అని జంపక్క నవ్వేది.

"బడిల పిల్లలకు నేనున్న. నా బిడ్డ రేపు పట్నంల ఒక్కతే నిలబడాలె," అనేవాడు.

శ్రావణి హాస్టళ్లలో పెరిగింది, ఖమ్మంలో చదివింది. కోయ ఆమెకు వంటబట్టలేదు. పక్షవాతం వచ్చినప్పుడు ఖమ్మం దవాఖానాలో డాక్టర్లు తెలుగులో దూలయ్యను పేరేంటని, ఊరేదని అడిగారు. ఆయన పలకలేదు. మాట పోయిందన్నారు. మాట పోయిన మనిషి పెట్టిన కట్టుబాటు గనక జంపక్క దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. చూడవచ్చిన చుట్టాల్ని కూడా గడప దాటనిచ్చే ముందు, "తెలుగుల మాట్లాడుండ్రి, ఆయనకు కోపమొస్తది," అని చెప్పేది.

ఆ పొద్దున శ్రావణి స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చింది. బీఎడ్ చేసిన పిల్ల. తండ్రి మంచాన పడ్డాక గూడెం పెద్దలు బతిమాలితే ఆ బడికి తనే పోయి వస్తోంది. వెనకనే జంపక్క తమ్ముడు బొజ్జయ్య ఆటో ఆపి లోపలికొచ్చాడు.

"రేపు జల్దీ బయలెల్లాలె అక్కా. కొత్తగూడెంల డాక్టర్ల బోర్డు తొమ్మిదింటికే అంట."

ఆ బోర్డు దూలయ్య ఇక పనికి రాడని రాస్తే ఆయన కొలువు దిగిపోతాడు. ఆ కొలువు బిడ్డకిమ్మని అడగొచ్చు. అందుకు ఆయన వేలిముద్ర కావాలి. ఎన్నిసార్లు కాగితం పెట్టినా ఎడమ చెయ్యి పిడికిలి బిగించేవాడు.

"ఆయన ఒప్పుకుంటలేడు," అంది జంపక్క.

"ఒప్పుకోనీకి, ఒప్పుకోకపోనీకి మాటుండాలె కదక్కా."

"బొజ్జిగా, మీ బావ వింటుండు."

"విననియ్యి. నేనేమన్న దొంగమాట అన్ననా?"

శ్రావణి దువ్వెన పక్కన పెట్టింది. "నువ్వు చెప్పమ్మా. మాట లేని మనిషి బడిల ఏం జేస్తడు? నిలబడలేడు, రాయలేడు. గోడకు గంత పెద్ద టీవీ ఇచ్చిండ్రు. పాఠాలన్నీ అదే చెప్తది. నేను వేలితో నొక్కుడే."

"అదే చెప్తే మరి నువ్వెందుకు?"

శ్రావణి ముఖం మాడిపోయింది. "నేనెందుకా? ఈ ఇల్లు నడవనీకి! నాకేమన్న సంబరమా నాయిన కుర్చీల కూసోనీకి? ఆ పిల్లలు నా దిక్కు చూస్తరు, మాట్లాడరు. ఇంటికొస్తే నాయిన చూస్తడు, మాట్లాడడు. నువ్వూ అంతే. నేనెవరితోని మాట్లాడాలె?"

 జంపక్క గిన్నె తీసుకొని పెరట్లోకి పోయి తోమింది. తోమిన గిన్నెనే మళ్లీ తోమింది.

తాళంచెవి పంచాయితీ ఒకటి మిగిలింది. కొలువు దిగే ముందు బడి బీరువా అప్పజెప్పాలి, ఆ చెవి దూలయ్య మొలతాడుకు ఉంది. బొజ్జయ్య చెయ్యి పెట్టబోతే ఆయన ఎడమ చేత్తో ఫట్టున కొట్టాడు.

"అబ్బో, దెబ్బకు మాత్రం ఏం తక్కువ లేదు," అని బొజ్జయ్య చెయ్యి విదిలించుకున్నాడు. "సరే బావా, నువ్వే వచ్చి తియ్యి."

అలా నలుగురూ ఆటోలో గూడేనికి పోయారు. మట్టిరోడ్డు మీద దూలయ్య తల ఊగుతుంటే జంపక్క భుజం అడ్డం పెట్టింది.

సారును చూసి పిల్లలు లేచి నిలబడ్డారు. దగ్గరికి రాలేదు. వంకర పోయిన ఆ మూతి వాళ్లకు కొత్త. ఆయన్ని వెనక గోడ పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. బొజ్జయ్య గుమ్మం బయట నిలబడ్డాడు. బీరువా సంగతి పాఠమయ్యాక చూద్దామని శ్రావణి టీవీ వేసింది.

తెర మీద రంగురంగుల మబ్బులు కదిలాయి. ఒక ఆడగొంతు హుషారుగా అడిగింది: "పిల్లలూ, మేఘాలు ఎలా ఏర్పడతాయి? చెప్పండి చూద్దాం! భలే! సరిగ్గా చెప్పారు!"

ఒక్కరూ నోరు తెరవలేదు.

ఇంకో ప్రశ్న వచ్చింది, ఇంకో భలే వచ్చింది. ఇంతలో నెట్ పోయింది. బొమ్మ నిలబడిపోయింది. శ్రావణి రెండుసార్లు నొక్కి ఊరుకుంది.

ముందు వరసలో రెండు జడల పిల్ల మెల్లగా అంది. "మేడం, సారు పాఠం పెట్టు. కరోనాల పంపిండు కదా, అది."

అప్పట్లో దూలయ్య పెరట్లో సొరపాదు ముందు నిలబడి పాఠాలు చెపితే, జంపక్క ఫోను పట్టుకునేది. పెరడు గడపకు అవతల గనక కోయలోనే చెప్పేవాడు. ఆ వీడియోలు శ్రావణి ఫోనులో ఉన్నాయి. తండ్రి గొంతు పోయిన నాటి నుంచి ఆమె వాటిని తెరవలేదు. వెనక్కి తిరిగి చూసింది. దూలయ్య ఎడమ చెయ్యి కొంచెం లేచి, తెర వైపు ఆగింది.

శ్రావణి ఫోనుకు తీగ తగిలించి ఆ పాఠం పెట్టింది.

సొరపాదు కనిపించింది. బొమ్మ కాస్త వణుకుతోంది. నిటారుగా నిలబడ్డ దూలయ్య కోయలో అడిగాడు. ఆకాశంలోకి నీళ్లు ఎవరు మోసిండ్రు రా? అడిగి, ఆగాడు. రెప్ప వెయ్యకుండా చూస్తూ అట్లాగే ఉన్నాడు. ఒక కోడి అడ్డం పోయింది. ఫోను ఆగిపోయిందా సారూ, అని వీడియోలోంచి జంపక్క గొంతే వినిపించింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. తెరలోని మనిషి కదల్లేదు. పిల్లవాడు ఆలోచించుకోడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు నిలబడడం ఆయన పద్ధతి.

ఆ ఖాళీలో వెనక గోడ దగ్గరి నుంచి ఒక మాట వచ్చింది. కోయ మాట. ముక్కలుగా, రాళ్ల మీద నడిచినట్టు.

"ఎండ... ఎండ మోసింది."

పిల్లలందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. శ్రావణి చేతిలో ఫోను జారి బల్ల మీద పడింది.

జంపక్క పోయి కుర్చీ ముందు గొంతుక్కూర్చుంది. ఇక్కడ ఇంటి గడప లేదు. ఇన్ని నెలల తరవాత మొగుడి కళ్లలోకి చూస్తూ కోయలో అడిగింది, ఏమన్నవ్, మళ్ల అను.

దూలయ్య పెదవులు కదిలాయి. మాట రాలేదు. అలవాటు కొద్దీ నీళ్లా, నొప్పా అనే ప్రశ్న ఆమె నోటి దాకా వచ్చింది. పెదవి కరిచిపట్టుకుంది. తెరలో ఆయన ఎట్లా ఆగాడో అట్లా ఆగింది. బయట ఆటో మీద ఆకు రాలిన చప్పుడు వినిపించింది.

"జావ," అన్నాడు కోయలో. కాసేపటికి, "ఉప్పు ఎక్కువ."

"ఈ పొద్దా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "రోజూ."

పిల్లలు పగలబడి నవ్వారు. శ్రావణి ఒక్కతే నవ్వలేదు. అయోమయంగా అందరి ముఖాలూ చూసింది.

"ఏమన్నడమ్మా నాయిన? ఏమన్నడు?"

 జంపక్క లోపల ఎండిందనుకున్నది ఎక్కడినుంచో ఊరింది. మొగుడి మోకాళ్ల మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. రెండు జడల పిల్లే తెలుగులో చెప్పింది.

"జావల రోజూ ఉప్పెక్కువైతుందంట మేడం."

గుమ్మంలోంచి బొజ్జయ్య గొంతు సవరించుకున్నాడు. "మరి... రేపు పోవుడు?"

"పోవద్దు మామా," అంది శ్రావణి.

"నౌకరి బిడ్డా?"

"నౌకరికి పరీక్ష రాస్త. వస్తే వస్తది." ఆమె కళ్లు తండ్రి మీదనే ఉన్నాయి. "నాయినకు మాట లేదన్న కదా పొద్దుగాల. ఉంది మామా. నాకే రాదు."

తెర ఆర్పేసింది. బల్లల మధ్యలోంచి నడిచి, రెండు జడల పిల్లను కాస్త జరగమని పక్కన కూర్చుంది.

"నన్ను కూడ అడుగు నాయినా," అంది.

దూలయ్య బిడ్డ వైపు చూశాడు. చాలాసేపటికి, కోయలో, ఆకాశంలోకి నీళ్లు ఎవరు మోసిండ్రు అని అడిగాడు. శ్రావణికి జవాబు తెలుసు. దాన్ని ఆ భాషలో ఎట్లా అనాలో తెలియదు. తల దించుకుంది.

ఆయన వేరే వాళ్లను అడగలేదు. పక్క పిల్ల చెప్పబోతే ఎడమ చెయ్యి ఎత్తి ఆపాడు. రెప్ప వెయ్యకుండా బిడ్డనే చూస్తూ, ఆగాడు.