తాళమేసిన క్వేకర్ల ఇల్లు

గుర్రపు జీనులు కుట్టేవాళ్ళ సందు చివర క్వేకర్ల ప్రార్థన ఇల్లుంది. చీకటిపడ్డాక దాని ముందు నుంచి లండన్ తాగుబోతు కూడా నడవడు. క్వేకర్లు రాజుగారి చర్చికి పోని క్రైస్తవులని, ఆయన మనుషులు దానికి తాళమేసి ఏడాదయింది. అయినా సాయంత్రాలు లోపల బల్లలు కిర్రుమంటాయి... జనం వచ్చి సర్దుకు కూర్చుంటున్నట్టు.

ఎదురుగా ఉన్న బీరు కొట్టు నాదే. లోపలేం జరిగిందో నాకు చెప్పినవాడు ఎఫ్రాయిమ్ క్రంప్ — క్వేకర్ల మీద దొంగసాక్ష్యాలు చెప్పి బతికే పురుగు. వాడి ఒక్క ఒట్టుతో థామస్ లఫ్కిన్ జైలుకి పోయి, జ్వరమొచ్చి అక్కడే పోయాడు. ఇప్పుడు వాడి కన్ను థామస్ భార్య పేషెన్స్ మీద పడింది. నేరం రుజువైతే ఆమెని ఓడెక్కించి బార్బడోస్ దీవి చెరకు తోటల్లో వెట్టిచాకిరికి తోలేస్తారు.

"వాణ్ణి క్షమించేశాను" అంది పేషెన్స్.

"నువ్వు క్షమించు తల్లీ. నేను క్వేకర్ని కాను" అన్నాను.

విచారణ రేపనగా క్రంప్‌కి గుబులు పట్టుకుంది. తాళం పడకముందు ఆమె వేదికెక్కి రాజుని తిట్టిందని రాసిచ్చాడు గానీ — ఆ ప్రార్థన ఇంట్లో ఎన్నడూ అడుగు పెట్టినవాడు కాదు! వేదిక ఏ మూలుందని జ్యూరీ అడిగితే? పొద్దుగూకాక వెనక కిటికీలోంచి దూరాడు.

వేదికా లేదు, పాడూ లేదు. ఉత్త బల్లలు. క్వేకర్లకి పాదిరీ ఉండడు, మౌనంగా కూర్చోవడమే వాళ్ళ ప్రార్థన. ఇప్పుడేం చెప్పాలా అని ఆలోచిస్తూ వాడూ ఓ బల్ల మీద కూలబడ్డాడు.

పక్కన ఎవరో ఊపిరి పీల్చారు.

తర్వాత వెనక... ముందు... ఇల్లంతా ఊపిరి.

"ఎ... ఎవరూ?"

కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. ఎంతసేపో అలాగే — చివరికి మంచుగడ్డలాంటి చెయ్యొకటి వచ్చి, వాడి కుడిచేతిని పట్టుకుంది.

పరుగెత్తుకొచ్చి నా కొట్లో పడ్డాడు. "నా చెయ్యి పట్టుకున్నారక్కా!"

"వాళ్ళలో పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుంటే ప్రార్థన ముగిసినట్టురా వెధవా" నవ్వాను. "నిన్నూ తమవాడే అనుకున్నారేమో!"

"ముగిశాక... వదిలెయ్యాలి కదక్కా?"

మర్నాడు కోర్టు. పేషెన్స్, ఎవరినీ 'మీరు' అనని క్వేకర్ల అలవాటు చొప్పున, జడ్జిని కూడా 'నువ్వు' అనేసరికి ఆయన మొహం కందగడ్డయింది. "సాక్షీ, బైబిల్ మీద చెయ్యి పెట్టు!"

క్రంప్ చెయ్యి పక్కనుంచి కదల్లేదు.

"రావడం లేదు దొరా... ఎడమచెయ్యి పెట్టనా?"

"చెల్లదు! ఒరే జవానూ, వాడి చెయ్యి లాగి పెట్టరా!"

జవాను రెండు చేతులా పట్టి లాగాడు. మరుక్షణం వదిలేసి గోడకి కరుచుకుపోయాడు.

ఒట్టు లేకపోతే సాక్ష్యం లేదు. జడ్జి జ్యూరీ మీద విరుచుకుపడ్డాడు. "నేరస్థురాలని చెప్పేదాకా మీకు తిండీ, చలికి నిప్పూ ఉండవు!"

జ్యూరీ పెద్ద, రొట్టెలు కాల్చే హంఫ్రీ లేచాడు. "పస్తులుంటాం గానీ, లేని సాక్ష్యం ఎక్కణ్ణుంచి తెస్తాం దొరా? ఆమె నిర్దోషి."

పేషెన్స్ ఇంటికొచ్చింది. కోర్టుని ఎగతాళి చేశాడని క్రంప్ జైలుకెళ్ళాడు — థామస్ పోయిన గదికే. నాకు ఆ రోజు బీరు కూడా తియ్యగా ఉంది.

సాయంత్రం జవాను వచ్చి కూర్చున్నాడు. గ్లాసు ముట్టుకోలేదు.

"అంత గట్టిగా బిగించాడా వాడు?" అన్నాను.

"వాడు బిగించలేదక్కా" అన్నాడు గొంతు తగ్గించి. "వాడి వేళ్ళు వదులుగానే ఉన్నాయి... వాటి మీద నుంచి ఇంకెవరివో వేళ్ళు నాకు తగిలాయి."