మెర్ల్ బావి దగ్గర రివర్సు

చీకటి పడ్డాక మెర్ల్ బావి దగ్గర, కారు వెనక తగిలించుకొచ్చే ఇల్లులాంటి కారవాన్ రివర్సు చేయకూడదు. ఆగితే ఆగండి, పడుకుంటే పడుకోండి. కానీ బండి ఎలా వచ్చిందో అలాగే ఆపేసి దిగండి. మా పెట్రోలు బంకు హోటల్లో ఇరవై రెండేళ్ళుగా ఈ మాట చెబుతున్నాను. వినేవాళ్ళు విన్నారు. విననివాళ్ళ బండ్లు రెండింటిని అక్కడి మడుగు బురదలోంచి క్రేను పెట్టి లాగించాం.

మెర్ల్ ఎవరంటే... ఎప్పుడో మా అత్తగారి కాలంలో, మొగుడితో కలిసి కారవాన్‌లో దేశం చూద్దామని వచ్చిన మనిషి. చీకట్లో బండి వెనక్కి తీస్తూ మొగుడు ఆవిణ్ణి వెనకాల నిలబెట్టాడు. ఎడమకి అంది, అతను కుడికి తిప్పాడు. ఆపమంది, అతను ఇంకాస్త తొక్కాడు. ఆవిడ ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ... వేస్తూ... వెనకాల పశువుల బావి ఉంది. తర్వాత పోలీసులు అడిగితే అతను ఏమన్నాడో తెలుసా?

"ఆవిడ సరిగ్గా చూపించలేదండీ" అన్నాడట.

అప్పటినుంచి పొద్దు వాలాక అక్కడ ఎవరు బండి వెనక్కి తీసినా పక్క అద్దంలో ఒక తెల్లటి ఆకారం కనబడుతుందంటారు. రెండు చేతులూ బారచాపి — రా... రా... ఇంకా రా... అంటుంది. ఆ చేతుల్ని నమ్మినవాడు తిన్నగా బావిలోకే పోతాడు.

నిజమా అంటే, ఇందులో సగం నా చేర్పే. అక్కడ మకాం ఉచితం, మా ఆవరణలో అయితే అద్దె కట్టాలి. ఉన్న ఇల్లు అమ్మి ఆ డబ్బంతా బండిలో పోసిన పెద్దమనుషులు, ఒక్క రాత్రి అద్దె అడిగితే వాళ్ళ కిడ్నీ అడిగినట్టు చూస్తారు. అలాంటివాళ్ళకి దెయ్యాన్ని చూపించక ఏం చేయను?

మొన్న ఆగస్టులో నెవిల్, గ్లెనిస్ వచ్చారు. ఎక్కడో దక్షిణాన బల్లారట్ ఊరి మనుషులు. నెవిల్ నలభై ఏళ్ళు డ్రైవింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఆ ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది తనేనని మా బల్ల దగ్గర కూర్చున్న రెండు నిమిషాల్లోనే చెప్పేశాడు. ఆ మిగతా సగంలో సొంత పెళ్ళాం కూడా ఉంది. కారు ఇస్తాడు గానీ, కారు వెనక కారవాన్ తగిలిస్తే మాత్రం స్టీరింగ్ ఆమె చేతికివ్వడు. అది ఆడవాళ్ళ వల్ల అయ్యే పని కాదట.

గ్లెనిస్ పొట్టిగా, గుండ్రంగా, నెమ్మదైన మనిషి. కప్పులు ఇచ్చే వంకతో వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"షెరిల్, లాంగ్‌రీచ్ టౌను నుంచి బస్సు ఎప్పుడుంది?"

"ఏ ఊరికి?"

"ఏ ఊరికైనా సరే. జీలాంగ్‌లో మా చెల్లెలుంది. ఎలాగోలా చేరతాను."

నేను చేతిలో గరిట పక్కన పెట్టాను. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాలుగు వేల కిలోమీటర్లు షెరిల్. రోజూ సాయంత్రం ఇదే తంతు. నేను దిగి వెనకాల నిలబడాలి. ముందే వచ్చి మకాం వేసి మందు గ్లాసులు పట్టుకున్నవాళ్ళంతా కుర్చీలు మా వైపు తిప్పుకుంటారు. నేను ఎడమ అంటే నెవ్ కుడికి తిప్పుతాడు. తిప్పి, కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను తిడతాడు. మాట్లాడుకోవడానికని చేతి రేడియోలు కొన్నాం. ఒకటి రెండో వారంలోనే విసిరికొట్టాడు. ఇంటి దగ్గర ఇలాంటి మనిషి కాదు. ఒట్టు, కాదు."

"మరి?"

"పొద్దున చెప్పేశాను. ఇవాళ ఒక్కసారి చూస్తాను. ఇవాళ కూడా అరిచాడంటే, రేపు బస్సెక్కుతాను."

"ఏమన్నాడు?"

"నువ్వు సరిగ్గా చెయ్యి చూపిస్తే నేనెందుకు అరుస్తానూ, అన్నాడు."

నలభై ఒక్క ఏళ్ళ కాపురం ఒక్క రివర్సు మీద ఆధారపడిందన్నమాట. నాకు నవ్వు రావాల్సింది. రాలేదు.

అందుకే ఆ రోజు నెవిల్‌కి మెర్ల్ కథ కాస్త గట్టిగానే చెప్పాను. తెల్లటి ఆకారం, చాచిన చేతులు, ఏదీ వదల్లేదు. అతను మాంసం కూరిన రొట్టె మీద టమాటా సాసు పోసుకుంటూ విన్నాడు. సాసు సగం బల్ల మీద పడింది. కథకి భయపడ్డాడేమోనని సంబరపడ్డాను.

"పోనీలే షెరిల్" అన్నాడు మూతి తుడుచుకుంటూ. "మా ఆవిడకంటే అధ్వాన్నంగా చూపిస్తుందా ఏం, మీ మెర్ల్?"

లారీ డ్రైవర్లు ఇద్దరు పొట్ట పట్టుకుని నవ్వారు. గ్లెనిస్ గుమ్మం దగ్గరే నిలబడి అంతా వింది. నేరుగా వెళ్ళి కారులో కూర్చుంది.

ఆ తర్వాత జరిగింది మర్నాడు గ్లెనిస్ చెప్పగా విన్నదే.

వాళ్ళు మెర్ల్ బావి చేరేసరికి సూర్యుడు దిగిపోయాడు. ఆకాశంలో ఇంకా కాస్త ఎరుపు. అక్కడ మరో బండి లేదు. నా కథ పుణ్యమా అని ఆ వారమంతా ఎవరూ ఆగలేదు. రేకుల టాయిలెట్ ఒకటి, గాలిమర ఒకటి, పొంగి పారిన నీళ్ళు నిలిచిన మడుగు ఒకటి, దాని పక్కన విరిగిన కంచె మధ్య... ఆ బావి.

నెవిల్ బండి ఆపాడు. గ్లెనిస్ దిగి, "ఆగు, ముందు టాయిలెట్‌కి వెళ్ళొస్తాను" అంది. కారు కిటికీ అద్దాలు మూసి ఉన్నాయి. లోపల రేడియోలో ఫుట్‌బాల్ మోగుతోంది. నెవిల్‌కి ఆమె ఏదో అన్నట్టు మాత్రం తెలిసింది. సరే సరే అన్నట్టు చెయ్యి ఊపి, పక్క అద్దంలోకి చూశాడు.

వెనకాల తెల్లగా ఒక ఆకారం వచ్చి నిలబడింది.

చేతులు రెండూ మెల్లగా పైకి లేచాయి. అతను గేరు మార్చాడు. ఎడమ చెయ్యి ఊగింది, ఎడమకి తిప్పాడు. కుడి చెయ్యి ఊగింది, కుడికి సర్దాడు. ఆకారం ఒక్క గెంతు వెనక్కి వేసింది — అతను వెనక్కి వచ్చాడు. మళ్ళీ గెంతింది — ఇంకాస్త వచ్చాడు. ఇంకా... ఇంకా... ఉన్నట్టుండి రెండు చేతులూ టక్కున ముడుచుకున్నాయి.

నెవిల్ బ్రేకు తొక్కాడు.

గ్లెనిస్ బయటికి వచ్చేసరికి కారవాన్ రెండు చెట్ల మధ్య తిన్నగా నిలబడి ఉంది. దాని వెనక అంచుకీ బావి కంచెకీ మధ్య రెండడుగుల ఖాళీ. నెవిల్ అప్పటికే కుర్చీలు వేసి, రేకు కప్పుల్లో వైన్ పోసి, ముఖం వెలిగిపోతూ ఆమె కోసం చూస్తున్నాడు. ఒక్క అరుపు లేదు. ఆమె గుండె మీంచి పెద్ద బరువు దిగినట్టయిందట. జీలాంగ్ చెల్లెలికి ఇక ఫోన్ చేయక్కర్లేదనుకుంది.

"గ్లెనిస్" అన్నాడు నెవిల్. "ఇన్నాళ్ళూ నేను అరిచింది తప్పే. అంతా కాకపోయినా కొంతైనా తప్పే. ఇవాళ ఎంత బాగా చూపించావో! చేతులు రెండూ బారచాపి, ఎగిరెగిరి మరీ!"

కప్పు ఆమె పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది.

"నేనా?"

"కాక?"

"నెవ్..." గుసగుసలాడింది ఆమె. "నేను టాయిలెట్‌లో ఉన్నాను."

గాలిమర ఒక్కసారి కిర్రుమంది. ఇద్దరూ కదల్లేదు. కారవాన్ వెనక నుంచి... మెల్లగా... నీళ్ళలో అడుగులు వేస్తున్న చప్పుడు.

నెవిల్ లేచాడు. కుర్చీ పడింది, వైన్ ఒలికింది. ఒక్క దూకులో కారవాన్‌లోకి పోయి తలుపు గడియ పెట్టాడు.

"గ్లెనిస్! తలుపు దగ్గరికి రాకు... బయట అది ఉంది!"

"బయట నేనున్నాను నెవ్."

లోపల కర్టెన్ లాగిన చప్పుడైంది.

"అయితే జాగ్రత్తగా ఉండు" అన్నాడు లోపలినుంచి, గడియ తీయకుండానే.

ఆ మాటతో ఆమెకి భయం పోయి ఒళ్ళు మండింది. దెయ్యమో భూతమో, ఈ మనిషి కంటే నయమే అనుకుని కారులోంచి టార్చి తీసింది. బండి గోడని తడుముకుంటూ వెనక్కి నడిచింది. ఒక అడుగు... ఇంకో అడుగు... మూల తిరగబోతుండగా ఎవరో బూర ఊదినట్టు పెద్ద కేక!

టార్చి వెలుగులో రెండు కొంగలు.

బ్రోల్గాలు. బూడిద తెలుపు ఒళ్ళు, పొడుగు కాళ్ళు, తల చుట్టూ ఎర్రటి పట్టీ. ఆమెని చూడగానే ఒకటి రెక్కలు బారచాపి, ఎడమకి ఊగి, కుడికి ఊగి, గాల్లోకి ఒక్క గెంతు గెంతి, రెక్కలు ముడుచుకుని ముక్కు చాపింది. ఆ జంట మా అందరికీ తెలిసిందే. కారవాన్ వస్తే రొట్టె వస్తుందని వాటికి అలవాటు. బండి కనబడితే చాలు, వెనకాల చేరి ఆడతాయి. వాటి సంగతి నేను ఎవరికీ చెప్పను. చెబితే దెయ్యాన్ని ఎవరు నమ్ముతారు?

గ్లెనిస్‌కి నవ్వు ముంచుకొచ్చింది. నెలల తర్వాత వచ్చిన నవ్వు. పడుతూ లేస్తూ తలుపు దగ్గరికి పరుగెత్తింది.

"నెవ్, తలుపు తీయి! కొంగలు! రొట్టె ముక్క కోసం గెంతే కొంగలు! ఇంతసేపూ నువ్వు కొంగ చెప్పినట్టు రివర్సు..."

లోపల నవ్వు వినబడలేదు.

బయట ఆమె నవ్వు కూడా మధ్యలోనే ఆగిపోయింది. కొంగ మెడ ఆమె మణికట్టంత లేదు. కాళ్ళు రెండు పుల్లలు. ఆకాశంలో ఇంకా వెలుగుండగానే, నలభై ఒక్క ఏళ్ళుగా పక్కన పడుకునే మనిషి తనకీ దానికీ తేడా పోల్చుకోలేకపోయాడు.

ఆమె తలుపుకి నుదురు ఆనించింది.

"నెవ్... ఎప్పటినుంచి నీకు కనబడటం లేదు?"

"పొద్దు వాలితేనే" అన్నాడు తలుపు అవతలినుంచి. "అన్నీ తెల్లగా, మసకగా... పగలు బాగానే ఉంటుంది. ఇల్లు అమ్మకముందు డాక్టరు చెప్పాడు. చీకటి పడే వేళ బండి ముట్టుకోవద్దన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు నడుపుతావు."

ఆమెకి ఏడుపొచ్చింది. తలుపు బద్దలుకొట్టి అతన్ని నాలుగు బాదాలనిపించింది. అంతలోనే ఇంకొకటి తట్టింది. నాలుగు వేల కిలోమీటర్లు... ప్రతి సాయంత్రం... అదే మసక వేళ, ఆ బండి వెనకాల నిలబడింది తను. ఎడమ అంటే అతను కుడికి తిప్పింది మొండితనంతో కాదు. బారెడు తెల్లటి కొంగ రెక్కల్లాంటివి కావు ఆమె చేతులు, అతనికి కనబడలేదు. ఆమే కనబడలేదు. అయినా అతను వెనక్కి వస్తూనే ఉన్నాడు. ఆమె ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూనే ఉంది.

బండి వెనక రెండడుగుల దూరంలో బావి నల్లగా నోరు తెరుచుకుని ఉంది. గ్లెనిస్ అటు చూడలేకపోయింది.

"తాళాలు ఇవ్వు నెవ్" అంది.

గడియ తీసిన చప్పుడైంది. తలుపు సందులోంచి తాళాల గుత్తి పట్టుకున్న చెయ్యి బయటికొచ్చింది. అది ఆమెకి జానెడు పక్కగా, ఖాళీ గాలిలోకి చాచి ఉంది. ఆమె తన చెయ్యి అటు జరిపి అందుకుంది.

మర్నాడు పదింటికి కారవాన్ మా ఆవరణలోకి వచ్చింది. స్టీరింగ్ దగ్గర గ్లెనిస్. లాంగ్‌రీచ్‌లో కళ్ళ డాక్టరుకి ఫోన్ చేసుకోవడానికి మా దగ్గర ఆగారు. ఆమె ఈ కథంతా చెబుతూ నా వంటింట్లో ఒకసారి ఏడ్చింది, రెండుసార్లు నవ్వింది. బస్సు మాట ఎత్తలేదు. ఆ రాత్రి అద్దె కట్టి మా దగ్గరే ఉంటామన్నారు. నాకు నిజంగానే సంతోషమేసింది, అద్దె ఒక్కదానికే కాదు.

ఇక బండి వెనక్కి తీసి పెట్టాలి. పట్టపగలు, ఎండ దంచుతోంది. నెవిల్ బుద్ధిగా దిగి, పక్కకి తప్పుకుని నిలబడి, చేతులు రెండూ బారచాపాడు. డ్రైవింగ్ మాస్టారు కదా, ఎంత చక్కగా చూపించాడో నేను కళ్ళారా చూశాను. ఎడమకి అన్నాడు. బండి కుడికి వచ్చింది. ఆపు, ఆపు, ఆపు అన్నాడు. బండి నా చెత్తడబ్బా ఎక్కి, దాన్ని చపాతీ చేసి, అప్పుడు ఆగింది.

కిటికీలోంచి గ్లెనిస్ తల బయటికొచ్చింది. ఆవరణంతా అదిరేలా వినబడింది —

"సరిగ్గా చెయ్యి చూపించడం కూడా రాదా నీకు!"

గ్లెనిస్ తన గొంతుకి తనే ఉలిక్కిపడింది. మెల్లగా తల లోపలికి తీసుకుని, ఆ మాట అన్నదెవరా అని ఖాళీగా ఉన్న పక్క సీటు వైపు చూసింది.