కొట్టేసిన పేరా

ఆ ఆదివారం ఇంట్లో నలుగురున్నారు. వంటింట్లో అమ్మ, పెరట్లో బట్టలు ఆరేస్తూ అక్క, గదిలో కిటికీ పక్కన బుజ్జి, ఆమెకెదురుగా అక్కకి కాబోయే మొగుడు.

అతనికి బజార్లో కళ్ళజోళ్ళ షాపు. పెళ్ళి ఇంకో వారంలో ఉంది. విందులో పెళ్ళికూతురి గురించి నాలుగు మాటలు చెప్పి తీరాలని స్నేహితులు పట్టుబట్టారు. బుజ్జికి వేదికెక్కితే నోరు పెగలదు గానీ, డిగ్రీ కాలేజీలో సగం మంది ఉపన్యాసాలు ఆమె రాసిచ్చినవే. "మా బుజ్జిని అడగండి" అని అక్కే అతన్ని గదిలోకి పంపింది.

"అందమైనది, గుణవంతురాలు, వచ్చినవారందరికీ ధన్యవాదాలు," అతను చదివాడు. "ఎలా ఉంది టీచరమ్మా?"

"మందుల చీటీలా ఉంది బావగారూ."

"అబ్బ! కాబోయే బావనన్న జాలైనా లేదా?"

"పొగడ్తలు ఎవరైనా చెప్తారు. మీ కళ్ళతో మీరు చూసింది ఒక్కటి చెప్పండి. అందరూ చెవులప్పగించి వింటారు."

అతను కాసేపు పెన్ను కొరికాడు. తర్వాత తలవంచి గబగబా రాశాడు. బుజ్జి కిటికీలోంచి అప్పుడే మొదలైన చినుకులు చూస్తున్నట్టు నటిస్తూ అతని పాపిడినే చూసింది. ఆ దొంగచూపు సంగతి ఆమె డైరీకి తప్ప ఎవరికీ తెలియదు.

కాగితం అందుకుంది.

'ఒకరోజు ఒకమ్మాయి షాపుకొచ్చింది. బోర్డు మీది అక్షరాలన్నీ తడుముకోకుండా చదివేసింది. బోర్డు తిప్పి వేరే అక్షరాలు పెట్టినా, పాతవే చదివింది! తప్పు చెప్తే నవ్వుతారని, బెంచీ మీద కూర్చున్నంతసేపూ ముందువాళ్ళు చదివేది విని బట్టీ పట్టిందట. షాపు మూశాక కూడా తలచుకుని నవ్వుకుంటూనే ఉన్నాను.'

బుజ్జి చెయ్యి తన కళ్ళజోడు మీదికి పోయింది. అక్కది డేగచూపు. అక్కకి కళ్ళజోడే లేదు.

"ఇది... నేను కదా."

అతను తలెత్తలేదు. "చూసింది చెప్పమన్నావుగా. ఇంకేదీ తోచలేదు."

బుజ్జి ఆ పేరా మీద అడ్డంగా గీత కొట్టి, కింద తనే రాసింది. 'నా భార్య ఆస్పత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ నుంచి తెల్లవారుజామున వచ్చినప్పుడు, చెల్లి నిద్ర చెడుతుందని చెప్పులు చేత్తో పట్టుకుని గదిలోకొస్తుంది.'

"నేనిది చూడలేదే!"

"నేను చూశాను, నిద్ర నటిస్తూ. చదవండి."

అతను చదివాడు. మాటలు అరువు చొక్కాలా అతని మీద వేలాడాయి.

వాన జోరందుకుంది. తడిసిన బట్టలు ఎత్తుకుని అక్క గుమ్మంలో నిలబడి ఉంది.

"బావుంది," అంది. "పైన కొట్టేసిందేంటి? అదీ చదవండి, విందాం."

"అది బాలేదక్కా!" బుజ్జి కాగితం లాక్కోబోయింది.

"నీ కంగారేంటే? మీరు చదవండి."

అతను మొదటి వాక్యం గొణిగాడు. బెంచీ దగ్గరికొచ్చేసరికి అతనికి తెలియకుండానే గొంతులోకి నవ్వొచ్చింది. కాగితం చూడటం మానేశాడు. ఇక చూడక్కర్లేదు. మంచి ఉపన్యాసం ఎలా ఉండాలని బుజ్జి పొద్దుట్నుంచీ మొత్తుకుంటోందో, అచ్చం అలాగే ఉంది.

అక్క నవ్వలేదు. బట్టలు మంచం మీద పెట్టి, పొడి తువ్వాలొకటి వెతికి తీసి, చెల్లి కళ్ళజోడు మీద పడిన వానజల్లు తుడిచింది.

"అక్కా, నేనేం..."

"తెలుసే. అమ్మ దగ్గరికెళ్ళు."

"ఆ చెప్పుల సంగతి నిజం అక్కా. అదే చెప్పమను."

"వెళ్ళు బుజ్జీ. ఆయనతో మాట్లాడాలి."

ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ గది ఇద్దరిదీ. దానికి తలుపుందన్న సంగతే ఎన్నడూ గుర్తుకు రాలేదు. బుజ్జి గడప దాటింది. వెనక, ఎవరో నిద్రలో ఉన్నట్టు, చప్పుడు కాకుండా అక్క తలుపు మూసింది.