బంగారయ్య గారి జావ

"ఆ గిన్నె ముట్టుకోవద్దన్నానా?"

"ముట్టుకోలేదత్తయ్యగారూ. ఈగలు వాలుతున్నాయని మూత పెట్టేనంతే."

"మూతా పెట్టొద్దు. పోలీసులు చూసేదాకా అలాగే ఉండాలి."

కొత్తపేట ఎస్సై జాస్మిన్ గుమ్మం ఎక్కేసరికి అత్తాకోడళ్ళ వాదన సాగుతూనే ఉంది. వీరాయమ్మ భర్త బంగారయ్య నిన్న సాయంత్రం 4.10కి అమలాపురం ఆస్పత్రిలో చనిపోయాడు. నాలుగు రోజులుగా జ్వరం. చంపింది జ్వరం కాదు. విషం.

కోడలు సత్యదుర్గ జావలో కలిపిందని వీరాయమ్మ కంప్లయింట్.

"జావ ఎన్నింటికిచ్చేరు?"

"ఎనిమిదికండీ," అంది సత్యదుర్గ.

"మిగిలింది?"

"నేనూ పాపా తాగేమండీ."

"మీకేం కాలేదా?"

"లేదండీ. ఏదైనా అయినా బాగుండేది, ఈ నింద తప్పేది."

"చూసేరామ్మా, ఆ నోరు!" అంది వీరాయమ్మ.

జాస్మిన్ డాక్టర్ రిపోర్టు తీసింది. 11.20కి చెమటలు. నోట్లో నురగ. ఆవగింజలంత కనుపాపలు. ఒళ్ళంతా కండరాల అదురు. పురుగుమందు లక్షణాలు. నరాలకు ఆగమనే కబురు అందదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఎన్ని ఇంజక్షన్లు చేసినా ప్రాణం నిలవలేదు.

"జావ తర్వాత ఏమిచ్చేరు?"

"బొండాలండీ," అన్నాడు కొడుకు కుమారస్వామి. "నేనే కోసేను. రోజుకి ఆరేసి. నాన్నకి ఇంకేం సయించలేదు."

"ఇంకెవరైనా తాగేరా?"

"లేదండీ. జ్వరం మనిషికని ఉంచేం."

"చెట్టు చూపించండి."

పెరట్లో పొట్టి గంగబొండం కొబ్బరిచెట్టు. చేతికందే గెల. జాస్మిన్ చెట్టు మొదట్లో కూర్చుని మట్టి కదిపింది. ఏటవాలుగా కోసిన వేరు. దానికి పురికొసతో కట్టిన పాలిథిన్ సంచి.

"ఇదెప్పుడు కట్టేరు?"

"పది రోజులైందండీ. కాయలకి నల్లి పురుగు పడితే వేరుకి పట్టే మందు. తగ్గలేదని మొన్న ఆదివారం డబుల్ డోసు కట్టేను."

"మందు కట్టేక నలభై అయిదు రోజులు కాయ దింపకూడదని తెలీదా?"

"తెలుసండీ. అది అమ్మే కాయకి కదండీ. ముదురు కొబ్బరికి. లేత బొండంలో ఉండేది నీళ్ళేగా అనుకున్నాను."

"వేరు తాగింది ఆ నీళ్ళలోకే వచ్చిందండీ."

కుమారస్వామి చెట్టు పట్టుకున్నాడు. "నిన్న చేదుగా ఉందిరా అన్నారండీ. నోటి అరుచి అనుకున్నాను. బతిమాలి తాగించేను."

జాస్మిన్ రెండు బొండాలు ల్యాబ్‌కి సీలు చేయించింది. ఇంటిల్లిపాదీ వరండాలో నిలబడ్డారు. ఎవరూ ఏడవలేదు.

"స్టేట్‌మెంట్ మళ్ళీ రాయాలి, వీరాయమ్మగారూ."

"ఆయ్." ఆమె కొడుకు వైపు చూడలేదు. గొంతు పెంచలేదు. అందరికీ వినపడింది.

"కోడలి పేరు కొట్టేయండమ్మా. నా కొడుకు పేరు రాయండి."