నానమ్మ మీద పడిన నింద

"నా మనవరాలికి నేనే విషం పెట్టానంటున్నారమ్మా" అంటూ ఆ పెద్దావిడ డిటెక్టివ్ ఎదుట కుర్చీలో కూలబడింది.

రెండేళ్ల పాప రక్తంలో సీసం ఉందని పరీక్షలో తేలింది. పగలంతా పాపను కనిపెట్టుకుని, అన్నం పెట్టేది నానమ్మే. కోడలి అనుమానం ఆవిడ మీదకు పోయింది. కొడుకు అవుననలేదు, కాదనలేదు. ఆ మౌనమే ఆవిడను కోసేసింది. పరువు పోతుందని ఇంట్లోవాళ్లు ఈ మాట గడప దాటనివ్వలేదు.

గంట తిరక్కుండా డిటెక్టివ్, ఆమె అసిస్టెంట్ ఆ అద్దె ఇంటికి చేరుకున్నారు. ఇల్లు పాతది, తెల్లరంగు కొత్తది. అసిస్టెంట్ వంటింట్లో డబ్బాలన్నీ మూతలు తీసి వాసన చూశాడు. మేడమ్ మాత్రం పాప ఆడుకునే చోట చతికిలబడి, పైకీ కిందకీ జరిగే పాతకాలపు చెక్క కిటికీని రెండుసార్లు ఎత్తి దించింది. రాపిడికి గాడిలోంచి పచ్చటి పొడి రాలింది. కిటికీ అంచు మీద చిన్న చిన్న పళ్ల గాట్లున్నాయి. తన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరేనని అసిస్టెంట్‌కు అర్థమైంది. కానీ మేడమ్ పనితనం చూస్తుంటే ఆ బాధ కూడా నిలవలేదు.

ఆ పొడినీ, వంటింటి సరుకులనూ ల్యాబుకు పంపి, ఫలితం వచ్చాక ఆమె అందరినీ ఆ గదిలోనే కూర్చోబెట్టింది. పాపకు ఒంట్లో బాగాలేదని మాత్రం చెప్పి ఇంటి ఓనరునూ, రంగులేసిన మేస్త్రీనీ పిలిపించింది. రంగు ఎప్పుడు వేయించారని ఓనరును అడిగింది.

"మొన్న వేసవిలోనే. అందులో సీసం చుక్క కూడా లేదు, డబ్బా మీదే రాసుంది."

"సీసం మాట మీకెవరు చెప్పారు?"

ఓనరు మేస్త్రీ వైపు తిరిగాడు. మేస్త్రీ తల దించుకుని చెప్పేశాడు: కింద ఉన్న పాత రంగు ప్రమాదమనీ, తడిపి జాగ్రత్తగా తీయాలనీ తాను చెబితే, పైన తెల్లగా కనిపిస్తే చాలన్నాడట ఈయన.

డిటెక్టివ్ ల్యాబు కాగితం బల్ల మీద పెట్టింది. "కొత్త రంగులో సీసం లేదు, నిజమే. అది పాత రంగులో ఉంది. కిటికీ ఎత్తినప్పుడల్లా రెండూ అరిగి పొడి రాలింది. పాప చేతులకు అంటింది, నోట్లోకి పోయింది. అన్నంలో ఏమీ లేదు. తెలిసీ దాచింది ఈయన."

ఇంటిని సరిగా బాగుచేయించేవరకు వాళ్లకు వేరే చోట బస చూపిస్తానని ఓనరు అక్కడికక్కడే రాసిచ్చాడు. సీసానికి దూరమైతే, వైద్యంతో రక్తంలో అది తగ్గుతుందని డాక్టరు ముందే చెప్పాడు.

కొడుకు తల్లి ముందు నిలబడ్డాడు. "అమ్మా, తప్పు నాది..."

"తప్పుల సంగతి తర్వాత" అంది ఆవిడ, పాపను కోడలి చేతికందిస్తూ. "ముందు దీని చేతులు కడగండి."