ఆగిన బోయ్

ఐర్లండ్‌లోని క్లాండాల్కిన్‌లో ఓ గోడౌన్ వెనక, కారు ఇంజన్ ఆపకుండానే పై అధికారి రాజగోపాల్ మిషన్ వివరించాడు. పడమటి తీరంలో ఒక దీవి, నీటి అడుగున దాని రీఫ్ బండల మీదుగా ఇంటర్నెట్ కేబుల్. ఒక విదేశీ ముఠా ఆ కేబుల్‌కి బాంబు కట్టింది. ఆ బాంబును ఆఖరిసారి చెక్ చేయడానికి వస్తున్న ముఠా టెక్నీషియన్ మధులికను ఇక్కడి పోలీసులు, అంటే గార్డ్స్, నిన్ననే పట్టుకున్నారు. ఆ పేరుతో వెళ్లాల్సింది ఏజెంట్ యోగిత.

"డిటోనేటర్ పీకెయ్ చాలు. ముఠాలో మన మనిషి ఒకరున్నారు. ఎవరో నాకూ తెలీదమ్మా."

యోగిత లక్షద్వీప్‌లో డ్రిఫ్ట్ డైవింగ్ నేర్చుకుంది. వెచ్చటి ప్రవాహంలో పగడాల మీదుగా తేలిపోవడం అప్పుడు సరదా. దీవి దగ్గర ముఠా పడవ ఎక్కి, ఇక్కడి నల్లటి నీళ్లను చూస్తూ గ్లవ్స్ బిగించుకుంది.

"వాన తగ్గిందా?" ముఠా నాయకుడు హెండ్రిక్ కోడ్ అడిగాడు.

"ఐర్లండ్‌లోనా?"

జవాబు సరిపోయింది. అతను ఆమె నడుముకు తాడుతో, నీటి మీద తేలే నారింజ రంగు బోయ్ కట్టాడు. ప్రవాహం డైవర్లను ఎటు తీసుకుపోతే బోయ్ అటు పోతుంది, పడవ దాని వెంట వెళ్తుంది. బాంబును దాటిపోతూ చూడటమే పని, బోయ్ ఎక్కడైనా ఆగితే మోసం జరిగినట్టే, రిమోట్ నొక్కేస్తానని నవ్వుతూ చెప్పాడు. తోడుగా అతని ప్రియురాలు సుధేష్ణ దూకింది. ఎర్ర డ్రైసూట్‌లో సినిమా తారలా ఉంది.

ప్రవాహం ఇద్దరినీ ఒక్క ఊపున ఈడ్చుకుపోయింది. బండలు వెనక్కి పరిగెడుతున్నాయి. తన ఊపిరి చప్పుడుకే యోగిత బెదిరిపోతోంది. కేబుల్ కనిపించింది. దాటిపోతే వెనక్కి ఈదడం ఎవరి తరమూ కాదు. పట్టు కోసం తన రీఫ్ హుక్‌ను బండ సందులో గుచ్చింది. ఒళ్లు జెండాలా రెపరెపలాడింది. ఎంత లాగినా డిటోనేటర్ కదల్లేదు.

నడుము దగ్గర తాడు బిగిసింది. పైన బోయ్ ఆగిపోయింది.

సుధేష్ణ ఒక చేత్తో బండ పట్టుకుని, రెండో చేత్తో కత్తి దూసి మీదికొచ్చింది. యోగిత కళ్లు మూసుకుంది.

కత్తి తాడును కోసింది. బోయ్ ప్రవాహంలో సాగిపోయింది, దాని వెంటే పడవ చప్పుడూ.

ఇద్దరూ కలిసి లాగితే డిటోనేటర్ ఊడొచ్చింది. యోగిత దాన్ని నీళ్లకు వదిలేసింది. తెగిన తాడు చూశాడేమో, అంతలోనే హెండ్రిక్ రిమోట్ నొక్కినట్టున్నాడు. కాస్త దూరంలో అది పేలింది. ఛాతీ మీద గుద్దినట్టయింది. కేబుల్ మాత్రం చెక్కుచెదరలేదు.

పైకి తేలేసరికి చుట్టూ అలలే. యోగిత వాచీలోని బీకన్ నొక్కింది. పళ్లు టకటకలాడుతున్నాయి.

"అసలు నువ్వెవరి తరఫు?"

"రెండు వైపులా పని చేస్తున్నా. ఇప్పటికి మాత్రం, ఏ పడవ ముందొస్తే ఆ తరఫు."

రెండు వైపుల నుంచీ ఇంజన్లు వినిపించాయి. ముందొచ్చింది రాజగోపాల్ పడవ, నిండా గార్డ్స్‌తో.

సుధేష్ణ ఎంతో దేశభక్తితో ఆ పడవకేసి చెయ్యి చాచింది.