ఐసుగది తలుపు

ఆ వీధి చివర మూతపడ్డ మాంసం కొట్టు ఒకటి ఉండేది. చీకటి పడ్డాక దాని ముందు నుంచి ఎవరూ నడిచేవాళ్ళు కాదు. దారి దూరమైనా సరే, వెనక సందులోంచి చుట్టూ తిరిగి ఇళ్ళకి చేరేవాళ్ళు.

ముందు నుంచి వెళ్ళిన వాళ్ళకి చప్పుడు వినిపించేదట.

ధప్... ధప్... ధప్...

ముదురు మాంసాన్ని సుత్తితో కొట్టి మెత్తబరుస్తున్నట్టు. షట్టరుకి తాళం. లోపల కరెంటు లేదు. మరి కొట్టేదెవరు?

అందులో ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు అద్దెకి దిగారు. బేకరీవాడు మూడు నెలలు ఓర్చుకున్నాడు. చెప్పులవాడు ఒక్క నెల. బట్టలు కుట్టేవాడైతే మిషను దించిన సాయంత్రమే మళ్ళీ బండెక్కించాడు. కత్తెర లోపలే మర్చిపోయాడు... దానికోసం కూడా మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఇదంతా నాకు చెప్పింది మా మేనత్త. అత్త పని, పాత సామాన్లు కొని బాగుచేసి అమ్మడం. విరిగిన కుర్చీ, తలుపు ఊడిన బీరువా, పెచ్చులు లేచిన అద్దం చట్రం... జనం పారేసింది ఏదైనా సరే. చేతిలో ఎప్పుడూ కర్ర నునుపు చేసే ఉప్పుకాగితం ముక్క ఉంటుంది, మాట్లాడుతున్నా ఏదో ఒకటి రుద్దుతూనే ఉంటుంది. నోరు కూడా ఆ కాగితంలాగే గరుకు. అందుకే ఇంటిల్లిపాదీ ‘ఉప్పుకాగితం’ అని పిలుస్తాం, ఆమె వినకుండా.

దెయ్యాలంటే అత్తకి నవ్వులాట. ఆ కొట్టు వెనకాలే ఒక రేకుల షెడ్డు చవగ్గా దొరికితే, ఎందుకంత చవకో కూడా అడక్కుండా అద్దెకి తీసుకుంది.

షెడ్డుకీ కొట్టు పక్కింటికీ మధ్య నడుమెత్తు గోడ. ఆ ఇంట్లో ఒకావిడ పనివాళ్ళకి భోజనాలు వండి పెట్టేది. అరవై దాటిన మనిషి. అందరికీ మెస్సక్క. అత్తకి యాభై ఉన్నా ‘అమ్మాయ్’ అనే పిలిచేది. అలా పిలిచే మనిషి ఒక్కరైనా మిగిలారని అత్తకి మహా సంతోషం.

సాయంత్రాలు గోడకి ఇటు అత్త కర్ర రుద్దుతుంటే, అటు మెస్సక్క మాంసం కొడుతూ ఉండేది. కబుర్లకేం కొదవ?

“పనివాళ్ళకి లేత ముక్క ఎక్కణ్ణుంచి తేను అమ్మాయ్? ఈ తొడ ముక్క చూడు, చెప్పు అట్టలా ఉంది.”

“నా దగ్గర ముతక ఉప్పుకాగితం ఉంది, ఇవ్వనా?”

“వెటకారాలాపు. పళ్ళ సుత్తితో నాలుగు దెబ్బలేసి, ఉప్పు రాసి గంటసేపు పక్కన పెడితే దారికొస్తుంది. మరీ మొండిదైతే వెనిగర్లో నానెయ్యడమే. కోసేటప్పుడు మాత్రం పోగుకి అడ్డంగా కొయ్యాలి. పోగు వెంబడి కోస్తే దవడలు పడిపోతాయి.”

“మా కర్రకైతే తలకిందులు అక్కా. పోగు వెంబడే రుద్దాలి. అడ్డంగా రుద్దామా, ఎన్ని పూతలేసినా గీతలు కనపడి చస్తాయి.”

ఇలా గడిచేది పొద్దు. ఒక్క మాంసం కొట్టు మాట వస్తే మాత్రం మెస్సక్క నోరు కట్టేసుకునేది. ఓ సారి అత్తే పట్టు పట్టి అడిగింది.

మెస్సక్క సుత్తి కింద పెట్టింది.

“ఆ కొట్టాయన పెళ్ళాం నా చెల్లెలు,” అంది.

ఆరేళ్ళ కిందట ఒక రాత్రి ఆ చెల్లెలు కొట్టు వెనక, మాంసం నిలవుంచే ఐసుగదిలో ఇరుక్కుపోయింది. తెల్లారి చూస్తే గడ్డకట్టుకుపోయి ఉంది. తను ఊళ్ళోనే లేనన్నాడు మొగుడు. పొరపాటున తలుపు పడిపోయి ఉంటుందన్నాడు. లోపలివైపు పిడి మొదట్నుంచీ లేదన్నాడు.

“ఉంది! నేను నా చేత్తో తిప్పాను దాన్ని,” అంది మెస్సక్క. “పోలీసులొచ్చి చూస్తే తలుపు లోపలివైపు నున్నగా, తెల్లగా... పిడి లేదు, పిడి ఉన్న ఆనవాలూ లేదు. రంగు వాసన వస్తోంది బాబూ, ఇది కొత్తగా వేసిన రంగు అని మొత్తుకున్నా. దుఃఖంలో ఏదో అంటోంది పాపం అన్నారు.”

అత్త చేతిలో ఉప్పుకాగితం ఆగిపోయింది.

“కొట్టుకొచ్చిన వాళ్ళతో వాడేమనేవాడో తెలుసా? ముదురు ముక్కైనా, పెళ్ళామైనా, కొట్టేకొద్దీ మెత్తబడతాయి అని. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ విన్నాను అమ్మాయ్... విని ఊరుకున్నాను.”

చెల్లెలు పోయిన నెలకే మెస్సక్క తన ఊళ్ళో ఇల్లమ్మేసి వచ్చి, సరిగ్గా ఆ కొట్టు పక్కనే మెస్సు పెట్టింది. ఆరేళ్ళుగా పొద్దున్నే వాడు ఆ దారిన వెళ్ళే వేళకి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఒక్క మాటా అనదు. చూస్తుంది. అంతే.

ఆ మాటలైన పది రోజులకి కొట్టాయన అద్దెకి ఎవరూ నిలవక విసిగిపోయి, కొట్టులోని సామానంతా పాత ఇనుము వాడికి గంపగుత్తగా ఇచ్చేశాడు. తను మాత్రం లోపలికి అడుగు పెట్టలేదు, షట్టరు తీసి వీధిలోనే నిలబడ్డాడు. ఆ పాత ఇనుము వాడి బండి మీద అత్తకి ఒక తలుపు కనిపించింది. బెత్తెడు మందం, బలమైన కర్ర, ఇత్తడి గడియ. నలుగురు మోస్తే గాని కదల్లేదు. గీకి, నునుపు చేసి, కాళ్ళు తగిలిస్తే పదిమంది కూర్చునే భోజనాల బల్ల అవుతుంది అనుకుంది అత్త.

ఏ తలుపో తెలియదా అంటే, తెలుసు. “కర్రకేం పాపం తెలుసురా? కొన్నాను,” అంది నాతో.

షెడ్డులో గోడకి చేరేసి పెట్టించింది. ఆ సాయంత్రం కుర్చీ కాలుకి జిగురు పెడుతుంటే మొదలైంది.

ధప్... ధప్... ధప్...

“అక్కా!” అని కేకేసింది అత్త గోడ మీంచి. “ఇవాళ మరీ రాయి ముక్క దొరికినట్టుంది, ఎంతసేపు కొడతావ్?”

మెస్సక్క గోడ దగ్గరికొచ్చింది. చేతులు ఖాళీ.

“నేనెక్కడ కొడుతున్నానే? ఇవాళ వెనిగర్లో నానేశాను. సుత్తే తియ్యలేదు.”



చప్పుడు ఆగలేదు. కొట్టులోంచి కాదు... షెడ్డులోంచి. గోడకి చేరేసిన తలుపులోంచి. గోడకీ తలుపుకీ మధ్య అరచెయ్యి కూడా దూరదు. అక్కణ్ణుంచి ఎవరో కొడుతున్నారు.

అప్పుడు తెలిసిందట అత్తకి. ఇన్నేళ్ళూ వీధి వీధంతా మాంసం కొట్టే చప్పుడనుకున్నది మాంసం కొట్టేది కాదు. తలుపు కొట్టేది.

వేరొకరైతే పారిపోయేవాళ్ళు. మా అత్త కాళ్ళూ పారిపోదామనే అన్నాయట. కానీ చేతులు వినలేదు. మర్నాడు పొద్దున్నే నలుగుర్ని పిలిచి తలుపు తిప్పించి, లోపలివైపు రంగు ఊడదీసే మందు పూసింది. బుడగలు లేచాక రేకుతో గీకడం మొదలెట్టింది.

తెల్ల రంగు పొర లేచింది. దాని కింద మళ్ళీ తెల్ల రంగే. కానీ ఆ రెండో పొర నిండా... గీతలు.

నాలుగేసి గీతలు, పక్కపక్కన. మీంచి కిందికి. కొన్ని చోట్ల కర్రదాకా దిగాయి. కర్రలో ఒకచోట గోరు ముక్క ఒకటి విరిగి ఉండిపోయింది.

గీతలన్నీ ఒకే చోటికి చేరుతున్నాయి, నడుమెత్తున. అక్కడ గుండ్రటి మచ్చ. తట్టి చూస్తే కర్ర మోత కాదు. లప్పం. రంగులేసేవాళ్ళు కన్నాలు పూడ్చే లప్పం. మొన పెట్టి లాగితే సీసా బిరడాలా ఊడొచ్చింది. కన్నంలో పిడి తాలూకు ఇనప కడ్డీ ముక్క. రంపంతో కోసిన గాట్లు ఇంకా మెరుస్తున్నాయి.

అత్త మెస్సక్కని పిలిచింది. ఆవిడ వచ్చి చూసింది. ఏడవలేదు. తన నాలుగు వేళ్ళూ ఆ గీతల్లో పెట్టి, పైనుంచి కింది దాకా మెల్లగా... లాగింది.

“పిడిని ముందే కోసి పెట్టుకున్నాడు,” అంది. “తెల్లారి ఈ గీతలు చూసి, లప్పం పెట్టి, రంగేసి, ఆ తర్వాత పోలీసుల్ని పిలిచాడు.”

“పద అక్కా, స్టేషనుకి వెళ్దాం.”

“వెళ్దాం. ముందు వాడికి తెలియనీ.”

తెలియడానికి ఎంతసేపు? పాత ఇనుము వాడి నోరే చాలు. సాయంత్రం ఆరు కాగానే కొట్టాయన షెడ్డు ముందున్నాడు. బొద్దుగా ఉండే మనిషి, ఉబ్బసం ఉన్నవాడిలా రొప్పుతున్నాడు.

“ఆ తలుపు పొరపాటున పోయింది. ఇచ్చెయ్యండమ్మా.”

“పొరపాట్లు మీకు అలవాటేగా,” అంది అత్త. తలుపు మీద కప్పిన గుడ్డ లాగేసింది.

వాడు గీతలు చూశాడు. కన్నం చూశాడు. పక్కన కూర్చున్న మెస్సక్కని చూశాడు.

“తగలబెట్టేస్తా,” అన్నాడు గుసగుసగా. “తలుపునీ, మిమ్మల్నీ కూడా. ఐసుగదిలో వాళ్ళు వదిలేసిన కిరసనాయిలు డబ్బా ఉంది... ఉండండి ఇక్కడే...”

అప్పుడే తలుపులోంచి ఒక్క దెబ్బ. ధప్.

వాడు వెనక్కి తిరిగి పరుగెత్తాడు. సందు తిరిగి, పాత ఇనుము వాళ్ళు సగం ఎత్తి వదిలేసిన షట్టరు కిందనుంచి దూరి, ఆరేళ్ళుగా అడుగు పెట్టని తన కొట్టులోకి వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత జరిగింది వీధిలో అందరికీ తెలుసు. రాత్రి పదకొండు దాటాక కొట్టులోంచి చప్పుడు ఎక్కువైతే, ఆడవాళ్ళిద్దరూ టార్చిలైటు పట్టుకుని వెళ్ళి చూశారు. భయపడి పోలీసులకి ఫోన్ చేశారు. పోలీసులు వచ్చేసరికి వాడు ఐసుగదిలో ఉన్నాడు, గుమ్మానికి ఇవతలికి రాలేక.

గుమ్మానికి తలుపు లేదు. తలుపు అత్త షెడ్డులో ఉంది. ఖాళీ గుమ్మం. అయినా వాడు ఆ ఖాళీనే రెండు చేతులా బాదుతున్నాడు. “తియ్యండి... చలి... తియ్యండి...” అంటున్నాడు. గోళ్ళు విరిగి నెత్తురు కారుతోంది. మండే ఎండాకాలం, కరెంటు లేని గది. వాడి పెదాలు నీలంగా ఉన్నాయి. కనురెప్పల మీద మంచు.

కానిస్టేబులు ఏ అడ్డూ లేకుండా గుమ్మంలోంచి లోపలికి నడిచి, జబ్బ పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. వాడు దారి పొడుగునా తనంతట తనే అన్నీ చెప్పేశాడు. రంపం ఎప్పుడు తెచ్చాడో, రంగు ఎప్పుడు వేశాడో. ఇప్పుడు జైల్లో ఉన్నాడు. చేతులు రెండూ పనికిరాకుండా పోయాయి. ఎన్ని దుప్పట్లు కప్పినా చలి చలి అంటాడట.

ఇంతవరకూ నేను ఇంట్లో నలుగురి మధ్యా విన్నదే. మొన్న అత్త దగ్గరికెళ్ళినప్పుడు, ఇద్దరమే ఉండగా అడిగాను.

“వాడికి పిచ్చెక్కిందంటావా అత్తా? లేని తలుపుని బాదడమేంటి?”

అత్త కుర్చీ చెయ్యి రుద్దుతోంది. తలెత్తలేదు.

“మేం వెళ్ళింది పదకొండింటికి కాదురా,” అంది. “ఏడున్నరకి.”

నాకు అర్థం కాలేదు.

“తలుపు లేదయ్యా, బయటికి రా అని చూపిద్దామని నేనే చెయ్యి చాపాను. అరచేతికి కర్ర తగిలింది. చల్లటి కర్ర... కంటికి కనపడదు, చేతికి తగులుతోంది. పక్కకి జరిపితే గడియ దొరికింది. బొటనవేలు ఆనించానా, కదిలింది. తిప్పితే తిరిగేది.”

“మరి—?”

“మెస్సక్క వంక చూశాను. ‘మా చెల్లి లోపల నాలుగు గంటలు బతికి ఉందని చెప్పాడమ్మాయ్ డాక్టరు’ అంది. అంతే.”

అత్త చెయ్యి ఆగింది.

“నేను గడియ వదిలేశాను. ఇద్దరం మెట్టు మీద కూర్చున్నాం.”